డైనమో లైటు

నాన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. భోక్తలు వెళ్ళిపోయి, చుట్టాలు వరండాలో కునుకు తీస్తున్న వేళ అమ్మ అంది, "ఆ అటక మీద రేకుపెట్టె దింపి చూడరా. అక్కర్లేనివుంటే పారేద్దాం."

మూత ఎత్తగానే కర్పూరం వాసన. పాత హార్లిక్స్ సీసా, అడుగున రెండువేళ్ళ మందం కొబ్బరినూనె. నూనె ఎప్పుడో కనరెక్కింది, కర్పూరం మాత్రం ఇంకా చావలేదు. ఆ వాసనకి అమ్మ గుమ్మం దాకా వచ్చి, "వాడి కాళ్ళ నూనె" అంది. ఇంట్లో అందరికీ కాళ్ళున్నాయి. అయినా ఆ సీసా ఎప్పుడూ వాడి కాళ్ళ నూనే.

వాడంటే రేవబ్బాయి. వాళ్ళ నాన్న వైనతేయ గోదావరి పాయ మీద పడవ వేసేవాడు, అందుకని ఊరందరికీ రేవబ్బాయి. మా నాన్న ఒక్కడే వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాడు. ఇప్పుడు పెళ్ళాం పిల్లలతో, ఉద్యోగంతో ఎక్కడో స్థిరపడ్డాడు. పేరు రాస్తే మొహమాటపడతాడు కాబట్టి ఇక్కడా రేవబ్బాయే.

*

నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ రోజుల్లో డ్రిల్లు మాస్టారికి స్టాఫ్ రూములో ఉండే మర్యాద ఏపాటిదో ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది డ్రిల్లు పీరియడే. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఈ వారం మాకిచ్చెయ్యండి" అంటే, నాన్న విజిలు జేబులో వేసుకుని చెట్టు కిందకి పోయేవాడు.

మా స్కూలు గ్రౌండు సగం వానాకాలమంతా నీళ్ళలోనే ఉండేది. సార్వా ఊడ్పులప్పుడు ఎవరో ఒకరు నారుకట్టలు తెచ్చి అందులో పడేసేవారు. నాలుగొందల మీటర్ల ట్రాక్ గియ్యడానికి అక్కడ చోటే లేదు. తాడు పట్టుకుని, ముగ్గు పోసి, రెండొందలది గీసేవాడు నాన్న. మర్నాటికి గేదెలు తొక్కేసేవి.

అందుకని ఆయన కాలవ గట్టు మీద పడ్డాడు. కాటన్ దొర ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించింది పొలాలకీ పడవలకీ అని పుస్తకాల్లో ఉంటుంది. మా నాన్న లెక్కలో అవి పరుగు కోసం తవ్వినవే. ఎత్తుపల్లాల్లేని గట్టు, పక్కన నీళ్ళు, పైన కొబ్బరాకుల నీడ, మైళ్ళ కొద్దీ అడ్డం లేని దారి. ఇంతకంటే ఏం కావాలనేవాడు.

దూరం కొలవడానికి టేపు లేదు, సైకిలుంది. ముందు చక్రం పుల్లకి పాత ట్యూబు ముక్క కట్టి, ఫోర్కుకి పోస్టుకార్డు ముక్క బిగించాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక 'టక్'. ఇరవై ఎనిమిదంగుళాల చక్రం, చుట్టుకి రెండుంపావు మీటర్లకి ఓ పిసరు తక్కువ. 179 టక్కులైతే నాలుగొందల మీటర్లు. నేను వెనక క్యారేజీ మీద కూర్చుని లెక్కపెట్టాలి. 179 రాగానే "ఆఁ!" అని అరవాలి. నాన్న దిగి, దగ్గర్లో ఉన్న కొబ్బరిచెట్టుకి సున్నంతో పట్టీ వేసేవాడు, చెట్టు లేకపోతే తూము గోడ మీద గీత. ఒకసారి 140ల దగ్గర ఎవరో పలకరించి నా లెక్క చెడగొట్టారు. మళ్ళీ వంతెన దగ్గర నుంచి మొదలుపెట్టించాడు. సుమారుగా వేసేద్దాం నాన్నా అంటే ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.

వంతెన నుంచి లాకుల వైపు పన్నెండు పట్టీలు పడ్డాయి. ఆ పైన ఇంకో సగం వెళితే రావిచెట్టు. అక్కడికి సరిగ్గా ఐదు కిలోమీటర్లు. కొబ్బరికాయలు దింపేవాళ్ళు ఆ పట్టీలు చూసి, చెట్లకి ఏదో తెగులొచ్చిందనీ, అగ్రికల్చరు వాళ్ళు గుర్తులేశారనీ అనుకునేవారట.

*

రేవబ్బాయి నాన్నకి ఏ ఆటలపోటీలోనూ దొరకలేదు. వాడు రోజూ స్కూలుకి లేటు. పొద్దున్నే అవతలి ఒడ్డునుంచి పాలవాళ్ళనీ, చేపల బుట్టలవాళ్ళనీ దాటించి, ఆ తర్వాత తల తుడుచుకుంటూ వచ్చేవాడు. లేటుగా వచ్చినవాళ్ళకి గ్రౌండు చుట్టూ ఆరు రౌండ్లు శిక్ష. మేమైతే మూడో రౌండుకి డొక్కలు పట్టుకుని నాటకాలాడేవాళ్ళం. వాడు ఆరూ కొట్టి, తిన్నగా క్లాసులోకి వచ్చి, హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనేవాడు.

నాన్న పట్టుకున్నది ఆ "ప్రెజెంట్ సార్"ని. రౌండ్లు కొట్టి వచ్చినవాడి గొంతు వణకాలి కదా, వణకలేదు. మర్నాడు పది రౌండ్లన్నాడు. వాడు పదీ కొట్టి వచ్చి అదే గొంతుతో పలికాడు. ఆ సాయంత్రం నాన్న రేవుకి వెళ్ళి, పడవెక్కి అటూ ఇటూ ఊరికే నాలుగుసార్లు తిరిగాడు. వాళ్ళ నాన్నతో ఏం మాట్లాడాడో గానీ, ఇంటికొచ్చి అమ్మతో, "రేపట్నించి పొద్దున్నే ఒక గ్లాసు పాలు ఎక్కువ తియ్యి" అన్నాడు.

తొలి దాటింపు ఆరింటికి. కాబట్టి పరుగు దానికి ముందే అయిపోవాలి. అలా నా నిద్రకి నూకలు చెల్లాయి.

*

నాలుగున్నరకి గట్టు మీద ఉండేవాళ్ళం. నాన్న సైకిలు తొక్కుతాడు, నేను క్యారేజీ మీద స్కూలు స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటాను, రేవబ్బాయి మాకు నాలుగడుగులు ముందు పరిగెత్తుతాడు. చెప్పుల్లేని కాళ్ళు తడిమట్టి మీద పడే చప్పుడు, చక్రం టక్కు, దూరంగా ఎక్కడో ఆయిలింజను. పాముల భయానికి నాన్న మధ్యమధ్యలో బెల్లు కొట్టేవాడు. వేసవిలో కాలవ కట్టేస్తే గట్టు దిగి, అడుగున ఇసకలో పరిగెత్తించేవాడు. పిక్కలకి మంచిదనేవాడు. ఆ రోజుల్లోనే ఎక్కువ ఖర్చయ్యేది కర్పూరం నూనె.

సైకిలు డైనమో సంగతి చెప్పాలి, టైరుకి ఆనించితే దాంతోపాటు తిరిగి లైటు వెలిగించేది. సైకిలు జోరుగా వెళితే లైటు తెల్లగా వెలుగుతుంది, నెమ్మదిస్తే ఎర్రబడుతుంది. ఆ లైటు వాడి వెనకనుంచి పడేది కాబట్టి, వాడి నీడ వాడి ముందు పరిగెత్తేది. తెల్లలైటుకి నీడ నల్లగా, అంచులు కోసినట్టు ఉండేది. ఎర్రలైటుకి మసకబారి మట్టిలో కలిసిపోయేది. కొన్నాళ్ళకి వాడు వెనక్కి తిరక్కుండానే, "మాస్టారండీ, తగ్గారండి" అనేవాడు. మా నాన్న రొప్పుతూ తొక్కేవాడు. ఎవరు ఎవరికి కోచో నాకప్పుడే అనుమానమొచ్చింది.

నాన్నకి కావలసిన అంకె డెబ్బై రెండు. నాలుగొందల మీటర్లు డెబ్బై రెండు సెకన్లలో, అలా పన్నెండున్నర సార్లు వరసగా పరిగెత్తితే ఐదువేల మీటర్లు సరిగ్గా పదిహేను నిమిషాలు. మాటవరసకి కూడా డెబ్బై రెండే. అమ్మ గుడ్లు కొనమంటే, "డజను చాలా, డెబ్బై రెండు తేనా?" అనేవాడు.

ఆయన జోకు అదొక్కటే, ఉన్న దేవుళ్ళు మాత్రం ఇద్దరు. ఒకరు చెకోస్లోవేకియా జటోపెక్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఐదువేలు, పదివేలు గెలిచి, అంతకుముందు ఎన్నడూ పరిగెత్తని మారథాన్‌లో దిగి అదీ గెలిచిన మనిషి. ఒక్కరోజే నలభై సార్లు నాలుగొందల మీటర్లు పరిగెత్తేవాడని చెప్పి, "మనం పది చేస్తే అరుపులేంట్రా" అనేవాడు. రెండో దేవుడు నంబియార్. పి.టి. ఉష 1984 లాస్ ఏంజిలిస్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కంచుపతకం పోగొట్టుకున్నప్పుడు వెనకున్న కోచ్. మరుసటేడు ద్రోణాచార్య అవార్డులు మొదలుపెడితే తొలి జాబితాలోనే ఆయన పేరుంది. స్పోర్ట్స్ రూము తలుపు లోపలి వైపు పేపర్లోంచి కత్తిరించిన ఉష ఫొటో ఉండేది. అందరూ ఉషని చూస్తే, మా నాన్న ఆ నూరోవంతుని చూసేవాడు. "సెకనుని వంద ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కరా" అని రెండు వేళ్ళు దగ్గరపెట్టి చూపించేవాడు. మధ్యలో వెలుతురు కూడా దూరదు.

*

ఇప్పుడు నా పాపం.

పరుగయ్యాక అమ్మ గిన్నెలో సున్నుండలు పెట్టేది. వాడికి రెండు, నాకొకటి. వాడు పరిగెత్తాడు, నేను కూర్చున్నాను, న్యాయమే. కానీ నేను ఆయన కొడుకుని. ఆయన పాదాల దగ్గర కూర్చోబెట్టుకుని పిక్కలకి నూనె రాసేది వాడికి. నాకు జ్వరమొస్తే అమ్మ చూసుకునేది. వాడికి ముల్లు గుచ్చుకుంటే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, సూది కాల్చి, దీపం దగ్గర కూర్చుని తీసేవాడు.

ఒక ధనుర్మాసంలో వాడు డెబ్బై రెండు అందుకున్నాడు. ఒక్కసారి కాదు, ఎనిమిది పట్టీలు వరసగా. నేనది చెప్పలేదు. వాడు పట్టీ దాటాక ఒక్క క్షణం ఆగి మీట నొక్కాను. "డెబ్బై నాలుగు" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాడూ డెబ్బై నాలుగే. ఆ మర్నాడూ అంతే. వారం పైగా, ఆ స్టీలు వాచీ అరచేతిలో చెమటకి తడిసిపోతుండగా, రోజూ రెండేసి సెకన్లు దొంగిలించాను. రేవబ్బాయి ఒక్కసారి కూడా "అదేంట్రా" అనలేదు. సున్నుండలు మాత్రం ఆ వారం గొంతు దిగలేదు.

నేనై మానేశానని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆ జనవరిలో పాశర్లపూడి అంటుకుంది.

*

1995 జనవరిలో ఏటికి అవతల గ్యాసు బావి పేలి, అరవై అయిదు రోజులు మండింది. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పలేం. దగ్గరి ఊళ్ళు ఖాళీ చేయించారు. మేం దూరంగా ఉన్నాం కాబట్టి కదలలేదు, కానీ రాత్రన్నది రాలేదు. ఆకాశం పడమటివైపు ఎర్రగా ఊగుతుండేది. కోళ్ళు అర్ధరాత్రే కూసేవి. హోరు ఎలా ఉండేదంటే, పక్కన రైలు పోతూనే ఉన్నట్టు, ఆ రైలుకి చివరి పెట్టె లేనట్టు.

మొదటి రోజే నాన్నకి అర్థమైంది, డైనమో అక్కర్లేదని. ఆ వెలుగులో వాడి నీడ ముందుకి కాదు, పక్కకి పడుతోంది, కాలవ నీళ్ళ వైపు. నేనరిచే సెకన్లు హోరులో వాడికి వినపడట్లేదు. రెండురోజులు విజిలు వాడి చూశాడు. మూడోరోజు వాచీ నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకుని, "నువ్వే లెక్కేసుకో. పట్టీ దాటినప్పుడు ఎంతైందో నువ్వే చెప్పు" అన్నాడు వాడితో.

మొదట్లో డెబ్బై ఎనిమిదిని డెబ్బై అనేవాడు. మంట ఆరిపోయేనాటికి వాడు చెప్పినదానికీ వాచీకీ తేడా ఒక సెకను లోపే ఉండేది. బావిని ఆపేశారని కబురొచ్చిన రాత్రి నిజంగా చీకటి పడింది. చెవుల్లో హోరు మాత్రం చాలారోజులుంది. మర్నాడు నాలుగున్నరకి డైనమో టైరుకి ఆనించి, లైటు వెలగగానే ముగ్గురం ఎందుకో నవ్వుకున్నాం.

*

ఆ ఏడే వాడికి స్పైక్ బూట్లు కొన్నాడు నాన్న. ఆరొందలు. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ బూట్లతో మొదటి పెద్ద పోటీ. ఊరు చెప్పను. ఐదువేల మీటర్లు, పన్నెండున్నర రౌండ్లు. వాడు ముందున్నాడు, వెనకవాడికి ముప్పై గజాలు. లెక్కలు చూసే ఆయన ఎవరితోనో మాట్లాడుతూ, ఇంకా రెండు రౌండ్లుండగానే ఆఖరి రౌండు గంట కొట్టేశాడు. వాడు గంట నమ్మి ప్రాణం పెట్టి పరిగెత్తి, గీత దాటి, మోకాళ్ళ మీద చేతులేసుకుని నిలబడిపోయాడు. మిగతావాళ్ళు వాడి పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. నాన్న కంచె మీద నుంచి, "ఇంకోటుందిరా! ఇంకోటి!" అని అరిచిన అరుపు ఆయన గొంతులాగే లేదు. వాడు మళ్ళీ కదిలి మూడో స్థానంలో వచ్చాడు.

అందరూ కంప్లైంట్ రాయమన్నారు. నాన్న కాగితం తీసుకున్నాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. బస్సులో కాకినాడ దాటాక వాడి తల మీద చెయ్యేసి, "తప్పు నాదే. సెకన్లు లెక్కపెట్టడం నేర్పాను, రౌండ్లు నేర్పలేదు" అన్నాడు. నాకైతే ఆ గంట కొట్టినాయన్ని కాలవలో ముంచాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాతి పోటీనుంచి వాడి గుప్పిట్లో చింతపిక్కలుండేవి. పన్నెండు. రౌండు పూర్తయినప్పుడల్లా ఒకటి వదిలేసేవాడు. చెయ్యి ఖాళీ అయితే ఇక సగమే మిగిలినట్టు. గంట మోగినా, ఎవరేం అరిచినా పట్టించుకునేవాడు కాదు. పోటీ అయ్యాక నాన్న ట్రాక్ మీద వంగి వంగి ఆ పిక్కలేరుకునేవాడు. కొత్తవి దొరకవా అంటే, "ఇవి అలవాటైనవిరా" అనేవాడు.

*

1996 నవంబరు ఆరు. దీపావళి నాలుగు రోజులుందనగా తుపాను. ఆ రాత్రి గురించి కోనసీమలో ఎవరి కథ వాళ్ళకుంది, నాది చిన్నది. మా పెంకులు ఎగిరిపోయాయి, మేం మిగిలాం. వెయ్యిమందికి పైగా మిగల్లేదు.

తెల్లారాక గట్టు మీదకెళితే దారి లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి, వేళ్ళు పైకి లేచి, కొన్ని కాలవకి అడ్డంగా. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి సున్నం పట్టీలు, పడుకుని. నాన్న ఒక పట్టీ దగ్గర నిలబడి, "ఇది ఏడోది" అన్నాడు. ఎలా గుర్తుపట్టాడో తెలీదు.

రేవబ్బాయి వాళ్ళ పడవ రెండుగా చీలిపోయింది. వాడు చదువూ పరుగూ వదిలేసి, పడిపోయిన చెట్లు కోసే ముఠాలో కూలికి చేరాడు. నాన్న రమ్మని ఒక్కమాట అడగలేదు. కానీ రోజూ నాలుగున్నరకి లేచి, సైకిలు నడిపించుకుంటూ రేవుకి వెళ్ళి, వాళ్ళ పాక ముందు వాళ్ళ నాన్నతో కూర్చుని బీడీ కాల్చి వచ్చేవాడు. మా నాన్నకి బీడీ అలవాటే లేదు.

దాదాపు నెల తర్వాత ఒక తెల్లారుజామున మా అరుగు మీద ఎవరో దగ్గారు. వాడే. "ఆయ్, వచ్చానండి" అన్నాడు. నాన్న లోపలినుంచే, "లేటు. రెండు రౌండ్లు ఎక్కువెయ్యి" అన్నాడు.

గట్టు మళ్ళీ కొలిచాం. ఈసారి టక్కులు లెక్కపెట్టింది వాడు. చెట్లు లేవు కాబట్టి రాటలు పాతాం.

*

మరుసటేడు మిలిటరీలో చేర్చుకునే ర్యాలీ అన్నారు. పదహారొందల మీటర్ల పరుగు, వాడికది పలహారం. నాన్న వద్దన్నాడు. ఇంకొక్క ఏడాది ఆగితే పదిహేను నిమిషాల లోపు వస్తావు, అప్పుడు పై పోటీలకి పోవచ్చన్నాడు. "పడవ బాగుచెయ్యాలండి మాస్టారండీ" అన్నాడు వాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని ఇన్నేళ్ళూ ఆలోచించాను, తేలలేదు. వాడు బస్సెక్కిన రోజు నాన్న బస్టాండుకి రాలేదు. సంచిలో అమ్మ సున్నుండలు పెట్టింది.

రెండు నెలలకి పోస్టుమాన్ మనీఆర్డర్ తెచ్చాడు. యాభై రూపాయలు. కింద కూపన్‌లో కుశలమా, నమస్కారమా ఏమీ లేదు. ఒక్క అంకె: 15:31.

నాన్న డబ్బు అమ్మకిచ్చి, కూపన్ పట్టుకుని చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత పోస్టుకార్డు తీసుకుని, ఆయన కూడా ఒకే అంకె రాశాడు: 74.48. అంటే రౌండుకి అంత పడిందని. అలా ప్రతి నెలా యాభై, ప్రతి నెలా ఒక అంకె, ప్రతి నెలా ఒక కార్డు. ఆరొందల బూట్లకి పన్నెండు మనీఆర్డర్లు. పదకొండోదాంట్లో 14:58 ఉంది. ఆ రోజు నాన్న కార్డు మీద 71.84 అని రాసి, ఇంకేదో రాయబోయి, కొట్టేసి, పోస్టులో వేశాడు. ఏం కొట్టేశాడో వాడికైనా తెలుసేమో.

పెట్టెలో ఆ పన్నెండు కూపన్లూ ఉన్నాయి, దారంతో కట్టి. పక్కన చిన్న డబ్బాలో చింతపిక్కలు.

*

సాయంత్రం అయిదింటికి వచ్చాడు రేవబ్బాయి. నెరిసిన జుట్టు, కాస్త పొట్ట. బోడసకుర్రు వంతెన మీదుగా కార్లో వచ్చాడు. మా రేవులో ఇప్పుడు పడవ లేదు, మెట్లే ఉన్నాయి. అమ్మ వాణ్ణి చూడగానే, "ఏరా, ఇప్పుడా రావడం? భోజనాలైపోయాయి" అంది.

"లేటేనండి. ఎన్ని రౌండ్లండి?" అన్నాడు. అమ్మ నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది.

కూపన్లు వాడి ముందు పెట్టాను. చూశాడు, ముట్టుకోలేదు. చీకటి పడుతుంటే ఇద్దరం పెరట్లో కూర్చున్నాం. ముప్పై ఏళ్ళుగా నోట్లో తిరుగుతున్న మాట అప్పుడు బయటపడింది. ఆ ధనుర్మాసంలో నేను వాచీ ఆలస్యంగా నొక్కానని చెప్పాను.

"తెలుసురా" అన్నాడు.

"తెలుసా?"

"మొదటిరోజే మాస్టారు చెప్పారు, నిన్ను ఇంట్లోకి పంపేశాక. 'వాడు ఎంత చెబితే అందులోంచి రెండు తీసేసుకో. వాణ్ణేమీ అనకు, చిన్నోడు' అన్నారు."

నేనేం అనలేకపోయాను. వాడు లేచి, పెరటి గోడకి ఆనించి ఉన్న నాన్న సైకిలు దగ్గరికెళ్ళాడు. టైర్లలో గాలి లేదు. స్టాండు వేసి, వెనకచక్రానికి డైనమో ఆనించి, "తిప్పు" అన్నాడు. పెడలు చేత్తో పట్టుకుని తిప్పాను. గొలుసు కిర్రుమంది. ముందు ఏమీ రాలేదు, తర్వాత గోడ మీద చిన్న మచ్చలా వెలుగొచ్చింది.

"ఎర్రగా ఉంది. తగ్గావు" అన్నాడు.

రెండు చేతులతో తిప్పాను.